పదిహేడో నంబరు తూకం

బెంగళూరు విభూతిపురలో కూరగాయల బళ్ళవాళ్ళకి ఒక్క మనిషంటే హడలు. ఆయన పేరు దొరేస్వామి. డెబ్భై రెండేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మొండి పెన్సిలుతో కనిపిస్తాడు. వంకాయలు తక్కెట్లో పడకముందే అరచేతిలో ఒకసారి ఎగరేసి, "నాలుగు వందల అరవై. ఇంకో రెండు వెయ్యి నాయనా" అంటాడు. బండివాడు ఒళ్ళు మండి తూచి చూస్తే సరిగ్గా నాలుగు వందల అరవయ్యే ఉంటుంది. ఇక ఏం మాట్లాడతాడు, ఇంకో రెండు వేస్తాడు.

ఆ చేతికి ఆ గుణం ఊరికే రాలేదు. పాత ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన ఉన్న విమానాల ఫ్యాక్టరీలో ఆయన ముప్ఫై నాలుగేళ్ళు విమానాలు తూచాడు. విమానాన్ని తూచడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వనీండి. కొత్త విమానం గాల్లోకి లేవాలంటే ముందు దాని బరువెంతో, ఆ బరువు ముక్కు వైపుందో తోక వైపుందో తేలాలి. షెడ్డు తలుపులన్నీ మూసేవాళ్ళు. గాలి తగిలితే ముల్లు ఊగుతుందని ఫ్యాన్లు కూడా ఆపేసేవాళ్ళు. మూడు చక్రాల కింద మూడు కాటాలు. లోపల మరిచిపోయిన స్పానరో, గుడ్డపీలికో ఉందేమోనని మోకాళ్ళ మీద పాకి వెతికేవాళ్ళు. అప్పుడు దొరేస్వామి ముల్లు చూసి అంకె చెప్పేవాడు. ఆ అంకె చెప్పేదాకా షెడ్డులో ఎవరూ దగ్గేవాళ్ళు కూడా కాదు.

అలాంటి మనిషికి ఫ్యాక్టరీ పెట్టిన పేరేమిటో తెలుసా? తోక దొరేస్వామి.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి మాట. పసుప్పచ్చ రంగు వేసిన రెండు సీట్ల శిక్షణ విమానాలు తయారయ్యే రోజులు. పదిహేడో నంబరు విమానాన్ని దొరేస్వామి ఒక గురువారం తూచాడు. మర్నాడు టెస్ట్ పైలట్ పూవయ్య దాన్ని తీసుకుని పైకెళ్ళాడు. అరగంటకే కిందికి దిగి, మొహం గంటు పెట్టుకుని, రిజిస్టర్లో ఒకే ఒక్క వాక్యం రాశాడు. "తోక బరువు, తూకం తప్పు." దొరేస్వామి మూడుసార్లు మళ్ళీ తూచాడు. మూడుసార్లూ పాత అంకే వచ్చింది. మళ్ళీ పైకెళ్ళినప్పుడు విమానం కుదురుగానే ఎగిరింది. కానీ పూవయ్య తను రాసింది కొట్టెయ్యలేదు. "ఆ రోజు బరువుంది. అంతే" అన్నాడు. తూకం వాళ్ళు ఊరుకుంటారా? "ఆయన చెయ్యే వణికి ఉంటుంది" అని వీళ్ళూ అన్నారు. ఆ రెండు మాటలూ ఫ్యాక్టరీ అంతా తిరిగాయి. వాటిలో ఒకటి దొరేస్వామికి పేరై అతుక్కుంది. రిటైరైన రోజు పూలదండ వేస్తూ కూడా ఎవరో వెనకనుంచి "తోక సార్‌కి జై" అన్నారు. ఆయన భార్య సర్వమంగళ ఆ మాట విని, చేతిలో ఉన్న మైసూర్‌పాక్ ముక్క ప్లేట్లో పెట్టేసి బయటికి నడిచింది.

పదిహేడో నంబరు ఎప్పుడో పాత ఇనుము కింద పోయింది. దాన్నిప్పుడు ఎవరూ తూచలేరు. దొరేస్వామికి అదొక్కటే బాధ. అన్యాయం చేశారని కాదు. మళ్ళీ ఒక్కసారి తూచి చూపించే దారి లేదని.

ఆ దారి కంప్యూటర్ రూపంలో వచ్చింది. కూతురు పాత కంప్యూటర్ పారేస్తానంటే వద్దని తెచ్చి మేడ మీది గదిలో పెట్టుకున్నాడు. అందులో విమానం నడిపే ఆట ఒకటి ఉంది. ఆటంటే ఆయనకి కోపం. "ఆట కాదు, సిమ్యులేటర్" అంటాడు. కాళ్ళ దగ్గర పెడల్స్ కావాలంటే రెండు చెక్కలకు తలుపు బందులు బిగించి తనే చేసుకున్నాడు. చక్రాలు ఊడబీకిన ఆఫీసు కుర్చీ పైలట్ సీటైంది. మొదటి నెల అందరిలాగే విమానం ఎక్కించాడు, దించాడు, రెండుసార్లు చెరువులో పడేశాడు. తర్వాత ఆయనకి అసలు సంగతి కనబడింది. ప్రతి విమానం వెంటా ఒక చిన్న ఫైలుంది. తెరిస్తే మామూలు అక్షరాలూ అంకెలే. ఖాళీ విమానం బరువెంత, పెట్రోలు ఎక్కడ, చక్రాలు ఎక్కడ, మనుషులు కూర్చునే చోట్లెక్కడ, ఒక్కొక్కరి బరువెంత. ఆ అంకె మారిస్తే విమానం నడకే మారిపోతుంది.

ఇక చూసుకోండి. పొద్దున ఉప్మా తిని మేడెక్కితే మళ్ళీ రాగి ముద్దకి పిలిస్తేనే కిందికి దిగడం. ఎగరడం మానేశాడు. రోజంతా ఆ ఫైలుతోనే కాపురం. ముందు జాగ్రత్తగా ఒక నకలు తీసి పెట్టుకునేవాడు. ఒక అంకె మార్చేవాడు. విమానాన్ని రన్‌వే మీదికి తెచ్చి చూసేవాడు. మళ్ళీ మార్చేవాడు.

ఒకరోజు సర్వమంగళ కాఫీ తెచ్చి తెర మీదికి తొంగి చూసింది.

"పక్క సీటు అని రాసి నూట యాభై నాలుగంటారేంటి? ఎవరది?"

"నువ్వే. ఆ అంకె పౌండ్లలో ఉంది. కిలోల్లో డెబ్భై."

"నా బరువు ఎవర్నడిగి రాశారు?"

"అడగడమెందుకు? చూస్తే తెలీదా?"

"అరవై ఆరు రాయండి."

"రాయను. నువ్వు అరవై ఆరంటే విమానం నమ్ముతుందా?"

సర్వమంగళ కాఫీ బల్ల మీద ఠపీమని పెట్టింది. "ఊళ్ళో మొగుళ్ళు పెళ్ళాల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊటీ తీసుకెళ్తారు. ఈయన కాటా మీద కూర్చోబెట్టుకుంటాడు" అంటూ మెట్లు దిగింది. ఆ వారం ఆయనకి ముద్దలోకి పలచటి పులుసే దక్కింది. అయినా అంకె మార్చలేదు.

పదిహేడో నంబరును ఆ ఫైల్లో కట్టాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. దానికి దగ్గరగా ఉండే రెండు సీట్ల విమానమొకటి సిమ్యులేటర్లో దొరికింది. రంగు పసుప్పచ్చ చేశాడు. అటక మీది ట్రంకుపెట్టెలోంచి తన పాత తూకం నోటుపుస్తకం తీశాడు. ఆ గురువారం నాటి పేజీ, మూడు చక్రాల బరువులు, ఇంజను వెనక గోడ నుంచి ఏది ఎంత దూరమో అన్నీ తన చేతిరాతలోనే ఉన్నాయి. కిలోలను పౌండ్లు చేశాడు, సెంటీమీటర్లను అడుగులు చేశాడు. ఒక్కో అంకెనూ మూడుసార్లు సరిచూసి ఎక్కించాడు. పది రోజుల పని. చేతులు తుడుచుకుని, దండం పెట్టుకుని, విమానాన్ని రన్‌వే మీదికి పిలిచాడు.

అది వచ్చీరాగానే ముక్కు నేలకి కొట్టుకుంది. నీళ్ళలో తల ముంచిన బాతులాగా తోక ఆకాశానికి ఎత్తి నిలబడింది.

దొరేస్వామి గబగబా ఫైలు తెరిచాడు. అంకెలు మళ్ళీ చూశాడు. సరిగ్గానే ఉన్నాయి. ఇంకోసారి పిలిచాడు. మళ్ళీ బాతే. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పాపన్న వచ్చాడు. పాపన్న ఫ్యాక్టరీలో అదే షెడ్డులో విమానం రెక్కలకి తీగలు బిగించే పని చేసేవాడు. ఇప్పుడు పక్క వీధిలోనే ఉంటాడు. టిఫిను వేళకి ఎలా తెలుస్తుందో తెలీదు గానీ, పెనం వేడెక్కేసరికి గుమ్మంలో ఉంటాడు. తెర మీది బాతుని చూసి పగలబడి నవ్వాడు.

"గురూ! ముప్ఫై ఎనిమిదేళ్ళు తోక బరువన్నారు. ఇప్పుడు ముక్కు బరువు చేసి కక్ష తీర్చుకున్నావా?"

"నోర్మూసుకుని దోసె తిను."

ఎక్కడ తప్పు జరిగిందో ఆ సాయంత్రానికి తేలింది. తప్పని దొరేస్వామి ఈ రోజుకీ ఒప్పుకోడనుకోండి. సిమ్యులేటర్‌తో పాటే వచ్చిన ఇంకో విమానం ఫైలు తెరిచి పక్కన పెట్టుకుని చూశాడు. అందులో వెనక ఉండాల్సిన వాటి అంకెలన్నిటికీ ముందర ఒక చిన్న అడ్డగీత, మైనస్ గుర్తు, ఉంది. ఫ్యాక్టరీలో ఆ ఇంజను గోడ నుంచి వెనక్కి కొలిస్తే కలుపుకోవడం, ముందుకి కొలిస్తే తీసివెయ్యడం. ఈ కంప్యూటర్ వాళ్ళది సరిగ్గా తలకిందులు. ముందుకి వెళ్తే కలపాలి, వెనక్కి వెళ్తే తీసెయ్యాలి. పని తెలియనివాడైతే పుస్తకం చదువుకుని వాళ్ళు చెప్పినట్టే చేసేవాడు. మనవాడికి పని మరీ ఎక్కువ తెలుసు. అందుకని పైలట్టునీ, పక్క మనిషినీ, సామాన్లనీ తీసుకెళ్ళి ఇంజనుకి ముందు గాలిలో కూర్చోబెట్టాడు.

"అంటే పది రోజులుగా నన్ను ఫ్యాను రెక్కలకి వేలాడదీశారా?" అంది సర్వమంగళ.

"నిన్నొక్కదాన్నే కాదు, నేనూ వేలాడాను" అన్నాడు దొరేస్వామి. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆ పూట పులుసు చిక్కగానే ఉంది.

అడ్డగీతలు పెట్టాక పదిహేడో నంబరు మూడు చక్రాల మీద నిలబడింది. అలా నిలబడ్డ దాన్ని చూసి దొరేస్వామి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆ విమానాన్ని ఆయన అంతకుముందు అలా చూసింది షెడ్డులో కాటాల మీదే. ఎగరేసి చూశాడు. ముక్కు ఎత్తమన్నప్పుడు ఎత్తింది, దించమన్నప్పుడు దించింది. తోక బరువు లేదు. లేనే లేదు. ఈ సంగతి ఇప్పుడు పూవయ్య చేతికి తెలియాలి. ఆయన నోటితోనే ఆ మాట రావాలి.

రిటైరైన వాళ్ళ మెడికల్ సెంటర్లో శనివారం పొద్దున బీపీ చూపించుకునే వరస పెద్దదే. బెంచీ మీద పూవయ్య కూర్చుని ఉన్నాడు. ఎనభై రెండేళ్ళు, కొడగు మనిషి, నిటారుగా ఉన్న నడుము, చేతికర్ర. దొరేస్వామి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఇద్దరూ నమస్కారాలే తప్ప ఆ ఊసెత్తలేదు.

"సార్, పదిహేడో నంబరు మా ఇంట్లో ఉంది."

పూవయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు. "మీ ఇంట్లోనా? ఎక్కడ, మేడ మీద ఆరేశావా మారాయా?" మారాయా అన్నది ఆయన ఊతపదం.

"మేడ మీదే సార్. కంప్యూటర్లో. నా తూకం అంకెలు, నా నోటుపుస్తకం. మీరొచ్చి ఒక్కసారి ఎగరెయ్యాలి. తోక బరువుంటే నేను తప్పు తూచినట్టే. అందరి ముందూ ఒప్పుకుంటాను."

"లేకపోతే?"

"లేకపోతే ఆ రోజు రాసింది మీరు కొట్టెయ్యాలి."

బెంచీ మీద వాళ్ళందరూ బీపీ మరిచిపోయి చూస్తున్నారు. పూవయ్య కర్రతో నేల మీద రెండుసార్లు తట్టాడు. "రేపు పదింటికి వస్తా. మీ ఆవిడని ఉప్మా, కేసరి కలిపి చౌచౌ బాత్ చెయ్యమను" అన్నాడు.

ఈ సంగతి చెప్పగానే పాపన్న మొహం వాడిపోయింది. "ఎందుకు గురూ పాతవి తవ్వుకోవడం? ఎనభై దాటిన మనిషి. ఎవరు గెలిస్తే మాత్రం ఏమొస్తుంది?"

"నీకేం పోతుంది? నిన్ను తోక పాపన్న అనలేదుగా."

పాపన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు. దోసె కూడా సగంలోనే వదిలేశాడు. దొరేస్వామి దాన్ని అరిగించుకోలేని వయసనుకున్నాడు.

ఆదివారం పదికి ఐదు నిమిషాలుండగానే పూవయ్య కారు వీధిలో ఆగింది. మెట్లు నెమ్మదిగా ఎక్కాడు. కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి కాస్త కాఫీ చొక్కా మీద ఒలికింది. దొరేస్వామి చూపు తిప్పుకున్నాడు. మరి ఈ చెయ్యేనా తీర్పు చెప్పాల్సింది అనిపించింది. కానీ పూవయ్య ఆ కుర్చీలో కూర్చుని విమానం నడిపే స్టిక్ పట్టుకోగానే వణుకు ఆగిపోయింది. ఎటు పోయిందో తెలీదు. తలుపుబందుల పెడల్స్ మీద పాదాలు ఆనించి, "కీచుమంటున్నాయి. నూనె వెయ్యి" అన్నాడు. అంతే. తర్వాత పావుగంట తెర మీంచి చూపు తిప్పలేదు.

లేపాడు, తిప్పాడు, వేగం తగ్గించి చూశాడు. రన్‌వే మీద దించాడు. దొరేస్వామి వెనకే నిలబడ్డాడు. తలుపు దగ్గర సర్వమంగళ, చేతిలో గరిటె. మంచం మీద పాపన్న, ఒళ్ళో ప్లేటు.

"మంచి విమానం. చెప్పినట్టు వింటుంది" అన్నాడు పూవయ్య.

"తోక?"

"బరువు లేదు."

దొరేస్వామి మొహం విప్పారింది. అంతలోనే పూవయ్య కుర్చీ తిప్పి ఆయన కళ్ళలోకి చూశాడు.

"కానీ దొరేస్వామీ, ఇది పదిహేడు కాదు. అంకెలు నీవి కావచ్చు. ఆ రోజు నేను నడిపింది దీన్ని కాదు. రన్‌వే మీద వేగం యాభై దాటకముందే ముక్కు లేపేసింది. కిందికి తొయ్యడానికి రెండు చేతులూ కావలసొచ్చాయి. వెనక ఎవరో కూర్చుని నా కాలరు పట్టుకుని లాగుతున్నట్టుంది. నాకిది కల కాదు."

దొరేస్వామికి కోపం వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత తన అంకెలే ఎగిరి చూపిస్తే ఇంకా కాదంటాడా! గెలిచానని ఊరంతా చెప్పుకుని ఊరుకోవచ్చు. ఈ పెద్దాయనకి మతిమరుపని నలుగురూ తనవైపే మాట్లాడతారు. నోటి చివరిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఎదురుగా స్టిక్ మీద ఆ చెయ్యి ఇంకా కుదురుగానే ఉంది. కొంచెం కూడా వణకడం లేదు. రెండు కాటాలు రెండు అంకెలు చూపిస్తే ఏ కాటానీ తిట్టకూడదు, రెండిటి మధ్యా ఏముందో వెతకాలి. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజు ఆయన నేర్పిన పాఠం అదే.

"సార్, మీరు కాస్త కిటికీ వైపు చూడండి. నేను చెప్పినప్పుడు తిరగండి" అన్నాడు.

ఫైలు తెరిచాడు. సీట్ల వెనక సామాన్లు పెట్టే అర ఒకటుంది. రెండు పెట్టెలు పట్టేంత చోటు. తన నోటుపుస్తకంలో ఆ అర ఖాళీ. అందులో పది కిలోలు వేశాడు. పూవయ్య ఎగరేసి, "లాగుతోంది. కొంచెం" అన్నాడు. ఇరవై వేశాడు. "దగ్గరికొస్తోంది." నలభై వేశాడు. "ఇంతయితే నేను ఈ రోజు ఇక్కడ చౌచౌ బాత్ తినేవాణ్ణి కాదు. తియ్యి, తియ్యి." ముప్ఫై. "ఇంకొక్క పిసరు." దొరేస్వామి ముప్ఫై రెండు చేశాడు.

విమానం పరుగెత్తింది. యాభై దాటకముందే ముక్కు లేచింది. పూవయ్య రెండో చెయ్యి కూడా స్టిక్ మీద వేశాడు. దవడ బిగుసుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. ఎనభై రెండేళ్ళ మనిషి ఒక్కసారిగా నలభై నాలుగేళ్ళ మనిషిలా కనిపించాడు.

"ఇదే. ఇదే మారాయా! ఆ రోజు ఇదే!"

"ముప్ఫై రెండు కిలోలు" అన్నాడు దొరేస్వామి మెల్లగా. "సామాన్ల అరలో. సార్, గురువారం ఆ అర ఖాళీ. నేనే తల పెట్టి చూశాను. శుక్రవారం పొద్దుటికి అందులో ముప్ఫై రెండు కిలోలు ఎక్కడివి?"

"శుక్రవారమా?" అంది సర్వమంగళ తలుపు దగ్గర నుంచి. "ఆ శుక్రవారం ఫ్యాక్టరీలో ఆయుధపూజ కదండీ. మరమరాలు, స్వీటు పొట్లం తెచ్చారు. మొహం మాడ్చుకుని పొట్లం అలాగే గూట్లో పడేశారు. చీమలు పట్టాయి. నాకు బాగా గుర్తు."

మంచం మీద చెంచా కింద పడింది.

ముగ్గురూ పాపన్న వైపు తిరిగారు. ప్లేట్లో కేసరి బాత్ ముట్టుకోలేదు. కేసరి బాత్ ముట్టని పాపన్నని ఆ ఇల్లు అంతవరకు చూడలేదు.

"వదినా, కాసిన్ని మంచినీళ్ళు" అన్నాడు. తాగాడు. "గుమ్మడికాయలు" అన్నాడు.

"ఏం గుమ్మడికాయలు?"

"బూడిద గుమ్మడికాయలు గురూ. పూజయ్యాక పగలగొట్టడానికి. నాలుగు. ఒక్కోటి ఎనిమిది కిలోలు."

దొరేస్వామి మనసులోనే కూడేశాడు. కూడేసి, బల్ల పట్టుకున్నాడు.

"పక్క షెడ్డు వాళ్ళు ఏటా మన గుమ్మడికాయలు ఎత్తుకెళ్ళేవాళ్ళు, గుర్తుందా? ఆ ఏడు పట్టుదలకి పోయాను. పొద్దున్నే తెచ్చి ఎవరికీ దొరక్కుండా పదిహేడో నంబరు సామాన్ల అరలో దాచాను. తూకం అయిపోయింది, సోమవారం దాకా దాన్నెవరూ కదిలించరని చెప్పారు. నేను గేటు దగ్గర మామిడాకులు కడుతున్నాను. ఇంజను చప్పుడయింది. చూస్తే పదిహేడు వెళ్ళిపోతోంది. పరిగెత్తాను. చేతులూపాను. సార్ చూసి తిరిగి చెయ్యూపారు."

"పండగ శుభాకాంక్షలనుకున్నా" అన్నాడు పూవయ్య.

"దిగాక తుడిచే నెపంతో నేనే ముందెక్కి గోనెసంచిలో వేసుకుని దింపేశాను."

"ముప్ఫై ఎనిమిదేళ్ళు!" దొరేస్వామి బల్ల మీద చరిచాడు. "మా ఇంట్లో తిన్న ప్రతి దోసెకీ ఈ సంగతి నీకు తెలుసు. నా వెనక తోక అని అరుస్తుంటే నువ్వూ పక్కనే నవ్వావు కదరా!"

"మొదట భయం గురూ. ఉద్యోగం పోతుందని. తర్వాత సిగ్గు. ఆ తర్వాత... ఎంత ఆలస్యమైతే అంత కష్టమైపోయింది చెప్పడం. నీ దోసెలు తిన్నది ఆకలికి కాదు. ఈ రోజు చెప్పేద్దామనే వచ్చేవాణ్ణి. వదిన రెండో దోసె వేసేసరికి ధైర్యం చాలేది కాదు."

"నీ ఒక్కడి సంగతే అనుకుంటున్నావు దొరేస్వామీ" అన్నాడు పూవయ్య. గొంతు నిదానంగా ఉంది. "మీ తూకం వాళ్ళు నా చెయ్యి వణికిందన్నారు. పైవాళ్ళు నన్ను పదిహేను రోజులు కింద కూర్చోబెట్టి కళ్ళు, చెవులు, నరాలు పరీక్ష చేయించారు. నా మీద నాకే అనుమానం వచ్చేసింది. ఈ రోజుకీ కాఫీ గ్లాసు పట్టుకుంటే ముందు ఆ మాటే గుర్తొస్తుంది."

దొరేస్వామి పూవయ్య చేతి వైపు చూశాడు. తన గాయం ఒక్కటే ఇన్నేళ్ళూ తడుముకున్నాడు. అవతల ఇంకో గాయం ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. ఆ మాట అన్న తూకం వాళ్ళలో తనూ ఒకడు. సిగ్గేసింది. పాపన్న తల ఎత్తడం లేదు.

సర్వమంగళ గరిటె నడుముకి ఆనించుకుని నిలబడింది. "అయితే నాకంటే ముందే నాలుగు గుమ్మడికాయలు విమానమెక్కాయన్నమాట" అంది.

ముందు పూవయ్య ముక్కులోంచి ఒక చప్పుడొచ్చింది. అది దగ్గేమో అనుకునేంతలో భుజాలు కదిలాయి. నవ్వు. కర్ర కింద పడేసి నవ్వాడు. "పగిలాయా అవి? ఒకటైనా పగిలిందా?"

"ఒక్క గీత పడలేదు సార్. మీరు అంత మెత్తగా దించారు" అన్నాడు పాపన్న కళ్ళు తుడుచుకుంటూ.

"చూశావా దొరేస్వామీ? అంత తోక బరువు పెట్టుకుని గుమ్మడికాయకి నొప్పి తగలకుండా దించాను. ఇది కదా రిజిస్టర్లో రాయాల్సింది!"

అప్పుడు దొరేస్వామి కూడా నవ్వాడు. నవ్వుతూనే పాపన్న నెత్తి మీద ఒకటి మొట్టాడు. మెల్లగా కాదు, గట్టిగానే. పాపన్న తలొంచి ఇంకోటి కూడా తిన్నాడు. తర్వాత కేసరి బాత్ తిన్నాడు.

పూవయ్య వెళ్ళేముందు ఇంకోసారి ఎగరేస్తానన్నాడు. దొరేస్వామి ఫైల్లో సామాన్ల అర పక్కన పేరు రాసే చోట "గుమ్మడికాయలు" అని రాశాడు. "అవి తియ్యకు. అలాగే ఉండనీ. అమ్మా, పక్క సీటు ఖాళీగా ఉంది, వస్తారా?" అన్నాడు పూవయ్య. "ఈయన నా బరువెంత రాశారో చూసి వస్తా" అంది సర్వమంగళ. చూసింది. డెబ్భయ్యే ఉంది. పెదవి విరిచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని వచ్చి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. విమానం తోక ఈడ్చుకుంటూ బెంగళూరు మీద ఒక చుట్టు తిరిగి, ఎవరికీ నొప్పి తగలకుండా దిగింది.

దిగాక పూవయ్య ఆ పాత నోటుపుస్తకం అడిగాడు. గురువారం పేజీ తీయించాడు. జేబులోంచి పెన్ను తీసి మూడు చక్రాల అంకెల కింద నెమ్మదిగా రాశాడు. రాస్తున్నంతసేపూ చెయ్యి వణుకుతూనే ఉంది. అక్షరాలు వంకరపోయాయి. రాసి పుస్తకం దొరేస్వామి చేతిలో పెట్టాడు. దొరేస్వామికి కళ్ళు మసకబారి ఏమీ కనపడలేదు. పుస్తకం భార్యకిచ్చాడు. ఆవిడ వీధిలోకి వినపడేంత గట్టిగా చదివింది.

"పదిహేడో నంబరు. తూకం సరి. పూవయ్య."

దొరేస్వామి జేబులోని మొండి పెన్సిలు తీసి దాని కింద ఇంకో వాక్యం రాశాడు. "పైలట్ చెయ్యి సరి. దొరేస్వామి." పూవయ్య దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు.

ఇద్దరూ తల ఎత్తేసరికి ఎదురుగా పాపన్న అరచెయ్యి చాపి నిలబడ్డాడు. దొరేస్వామి కాసేపు ఆలోచించి పెన్సిలు ఇచ్చాడు. పాపన్న మంచం మీద కూర్చుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, బడిపిల్లాడిలా ఒక్కో అక్షరమే దిద్దుతూ రాశాడు.

"గుమ్మడికాయలు నావి. పాపన్న."